టీచింగ్ ప్రాక్టీస్‌కి వెళ్తున్న మా మేనకోడలికి

అమ్మలూ, సోమవారం నుంచి నీకు టీచింగ్ ప్రాక్టీస్ అని మీ నాన్న ఫోన్లో చెప్పాడు, అదీ గుంటూరులోనే అనగానే ప్రాణం లేచొచ్చింది, నేను 32 ఏళ్లు చాక్‌పీస్ పట్టింది ఈ చుట్టుపక్కలేగా. లెసన్ ప్లాన్ల సంగతి మీ మేడమ్స్ చూసుకుంటారులే. నా మాటల్లా ఒకటే, నలభై మంది కూర్చుంటే నలభై మందీ మన ఇల్లు లాంటి ఇంట్లోంచే వచ్చారనుకొని పాఠం మొదలుపెట్టకు.

మిరప కోతల టైమ్‌కి కర్నూలు వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే మన దగ్గరికి వలస వస్తాయి కదా, ఒక ఏడాది అలా వచ్చిన పిల్ల నా మూడో క్లాసులో చేరింది. లెక్క కోసం వేరుశనక్కాయల బొమ్మ గీసి ఇవేంట్రా అంటే ఆ పిల్ల గబుక్కున "బుడ్డలు" అంది, క్లాసంతా గొల్లుమంది, ఇంక రెండ్రోజులు నోరు విప్పితే ఒట్టు. మూడో రోజు మళ్లీ అదే బొమ్మ గీసి పక్కన బుడ్డలు అని నేనే రాశా, మీ ఇళ్లల్లో ఏమంటారో చెప్పండి అన్నా. శనక్కాయలన్నారు, పల్లీలన్నారు, ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లాడు మూంగ్‌ఫల్లీ అన్నాడు, ఇటుక బట్టీ దగ్గర్నుంచి వచ్చే ఒడియా పిల్లాడు, అప్పటిదాకా క్లాసులో మాటే మాట్లాడని వాడు, చినాబాదం అన్నాడు. ఆ పిల్ల లేచొచ్చి బోర్డు మీద తన మాటని వేలు పెట్టి చూసుకుంది. ఆ వేళ్లు ఎర్రగా కందిపోయున్నాయి, సాయంత్రాలు అమ్మ పక్కన కూర్చొని మిరపకాయల తొడిమలు తీసేదంట. పెన్సిల్ సరిగ్గా పట్టుకోవట్లేదని ముందు రోజే నేను కోప్పడ్డానే, అది తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇంకో రకం పిల్లలుంటారు, నోటితో అడిగితే టకటకా చెప్తారు, రాయమంటే ప కి వ, మ కి య పడిపోతాయి. బద్ధకం అని ముద్ర వెయ్యకు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఇలాంటి లెర్నింగ్ డిజెబిలిటీ కూడా ఉంది. తేల్చాల్సింది డాక్టర్లు, నువ్వు మాత్రం హెడ్మాస్టర్‌తో చెప్పి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత సెంటర్ టీచర్‌కి చూపించు, ఈలోపు పళ్లెంలో బియ్యం పోసి అక్షరాలు దిద్దించు, జవాబులు నోటితో చెప్పించుకో. బోర్డు మీద చూసి రాసుకోలేని వాడైతే ముందు బెంచీకి మార్చి చూడు, ఒక్కోసారి కళ్లజోడుతో తీరిపోయే కష్టం.

స్కాలర్‌షిప్ వివరాల కోసం "ఎస్సీ పిల్లలు నిలబడండి" అని క్లాసులో అరిచే అలవాటు చాలా చోట్ల చూశా, అది మాత్రం ఎవరు చెప్పినా చెయ్యొద్దు, నా మీద ఒట్టు. రిజిస్టర్ తీసుకొని ఒక్కొక్కళ్లనీ పక్కకి పిలిచి అడుగు. ఎగతాళి చేసి మనసు కష్టపెట్టడం కూడా కొట్టడంతో సమానమే, విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 రెండిటినీ వద్దంటుంది, టెట్‌కి చదివే ఉంటావ్. రంజాన్ నెలలో రోజా ఉన్న పిల్లల్ని మిట్టమధ్యాహ్నం గ్రౌండ్‌లో పరిగెత్తించకు.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కో, పిల్లకో పేజీ, ఇంట్లో ఏం మాట్లాడతారు, బడి అయ్యాక ఏం పని చేస్తారు, ఎప్పుడు నవ్వారు, ఇవి రాయి, మార్కులొద్దు. శనివారం అది పట్టుకొని ఇంటికొచ్చెయ్, గోంగూర పచ్చడి చేసి ఉంచుతా, ఇద్దరం కూర్చుని ఒక్కో పేజీ చూద్దాం.

మీ అత్త