డ్రైవర్ ఆపితే ఆగండి బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వూ నీ ఆఫీసు స్నేహితురాళ్లిద్దరూ జూలై చివర్లో సిక్కిం పోతున్నారని, రుమ్‌టెక్ బౌద్ధ మఠం చూస్తారని చెప్పింది. "నువ్వన్నా చెప్పక్కా, నా మాట వినదు" అంది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. నిన్ను హన్మకొండ దాటించి చదువుకు పంపడానికే ఇంట్లో ఎంత గొడవైందో నాకు గుర్తుంది. అలాంటి పిల్ల సొంత జీతంతో టికెట్ కొనుక్కుని హిమాలయాలకు పోతానంటే నాకు గర్వంగా ఉండదా? కానీ రాత్రంతా ముసురు. ఆ చప్పుడుకి రెండుసార్లు లేచి కూర్చున్నాను.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. ఆధార్ ఒరిజినల్ పెట్టుకో. చైనా సరిహద్దులోని నాథులా కనుమ వైపు వెళ్లాలంటే పర్మిట్ కావాలి. అడవి దారుల్లో జలగలుంటాయి, కొంచెం ఉప్పు మూటగట్టుకో. కాంచనజంగ కనిపించలేదని బాధపడకు, వానాకాలంలో చాలా రోజులు మబ్బులోనే ఉంటుంది. తెల్లవారుజామున ఒకసారి కిటికీ తీసి చూడు, అదృష్టముంటే ఐదు నిమిషాలు కనిపిస్తుంది.

ఇక అసలు మాట. 1997 జూలైలో మీ పెద్దనాయన ఆఫీసు వాళ్లతో ఉద్యోగులకిచ్చే ఎల్‌టీసీ ప్రయాణ రాయితీ మీద మేమూ అక్కడికే పోయాం. తిరుగు ప్రయాణంలో గ్యాంగ్‌టాక్ నుంచి జీపులో దిగుతున్నాం. ఆ రాత్రి న్యూ జల్పాయిగురిలో రైలు. రంగ్‌పో దాటాక సాయంత్రం నాలుగింటికి డ్రైవర్ ఒక టీకొట్టు దగ్గర బండి ఆపి ఇంజన్ కట్టేశాడు. తల బయటపెట్టి కాసేపు చెవులు రిక్కించి విన్నాడు. "ఈ రాత్రి ఇక్కడే ఉందాం, కొండ మంచిగా లేదు" అన్నాడు. పట్టుమని పాతికేళ్లుండవు అతనికి.

బిడ్డా, అప్పుడు నోరు తెరిచింది నేనే. పర్సులోంచి రైలు టికెట్ తీసి అతని ముఖం ముందు పెట్టాను. "మా డబ్బులు తీసుకుని మాకే చెప్తావా?" అన్నాను. అతను టికెట్ చూశాడు, కొండ చూశాడు, తువ్వాలుతో ముఖం తుడుచుకుని బండి స్టార్ట్ చేశాడు.

రెండు కిలోమీటర్లు కూడా పోలేదు. బానెట్ మీద పెనంలో మక్కలు పేలుతున్నట్టు చప్పుడు. చిన్న చిన్న రాళ్లు. అతను వెంటనే రివర్స్ తీశాడు. మా కళ్లముందే సగం రోడ్డు కింది తీస్తా నదిలోకి జారిపోయింది. వెనక చూస్తే చెట్టు పడి దారి మూసుకుంది. రాత్రంతా ఆ మధ్యలోనే.

తొమ్మిదింటికి మీ పెద్దనాయనకు ఆయాసం మొదలైంది. మందుల డబ్బా ఎక్కడుంది? జీపు టాప్ మీద, తాళ్లతో కట్టిన సూట్‌కేసులో. సర్దింది నేనే. నేనెంత గట్టిగా తిట్టానో అంతా మర్చిపోయినట్టు ఆ అబ్బాయే వానలో పైకెక్కాడు. ఇంకా రాళ్లు పడుతూనే ఉన్నాయి. తడిసి బిగుసుకున్న ముడి విప్పి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. టార్చి వెలుగులో అతని వేళ్ల కణుపుల దగ్గర తోలు లేచిపోయి కనిపించింది. తెల్లారాక మట్టి మీదుగా నడిచి అవతలికి చేరాం. రైలు పోయింది, టికెట్ల డబ్బులు పోయాయి. మీ పెద్దనాయన పోయేదాకా ఆ రాత్రి గురించి నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకే తిరుగు రైలుకు ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకో. లీవు దొరకదంటే గ్యాంగ్‌టాక్ ఒక్కటి చూసి వచ్చెయ్, మిగతాది ఇంకోసారి. మన వాగులు పొంగినా ఎంతో కొంత కంటికి కనిపిస్తాయి. కొండ అట్లా కాదు. నీళ్లు తాగి తాగి లోపల బరువెక్కుతుంది, కింద రోడ్డు కోసం తవ్విన చోట పట్టు ఉండదు, ఒక్కసారిగా జారుతుంది. పైగా 2023 అక్టోబర్‌లో సౌత్ లొనాక్ సరస్సు తెగి, తీస్తా వరదకు చుంగ్‌థాంగ్ డ్యామే కొట్టుకుపోయింది. మీరు దిగే దారి ఆ తీస్తా పక్కనే. చీకటి పడ్డాక కొండదారిలో ఉండొద్దు. మందులు, చార్జర్, పొడిబట్టల జత ఒళ్లో బ్యాగులో ఉండాలి, టాప్ మీద కాదు.

రుమ్‌టెక్‌లో తొందరపడకు. టిబెట్ బౌద్ధుల్లో ఒక శాఖకు పెద్దగురువైన పదహారవ కర్మపా, టిబెట్ వదిలొచ్చాక 1960ల్లో కట్టించిన మఠం అది. మన గుళ్లలోలాగే ప్రదక్షిణగా తిరగాలి. బుద్ధుడికి జ్ఞానోదయమయ్యాక ఏడు రోజులు వాన కురిస్తే ముచిలిందుడనే నాగరాజు పడగ పట్టాడని చిన్నప్పుడు నీకు చెప్పేదాన్ని, గుర్తుందా? మన పెద్దపల్లి దగ్గర ధూళికట్ట స్తూపం రాతిపలకల మీద ఆ నాగు ఉంది. ఆ బుద్ధుడే వానాకాలం మూడు నెలలు ఊళ్లు తిరగొద్దు, ఒక్కచోట ఉండండని భిక్షువులకు నియమం పెట్టాడు. వర్షావాసం అంటారు. నువ్వు ఆగవని తెలుసు. కనీసం ఆపినచోట ఆగు.

ఆ అబ్బాయి పేరు నేను అడగలేదు. ఇన్నేళ్లయినా అది నన్ను గుచ్చుతూనే ఉంది. నువ్వు బండెక్కగానే డ్రైవర్ పేరు అడుగు. అడిగి నాకు మెసేజ్ పెట్టు.

పైలం బిడ్డా.

మీ పెద్దమ్మ