ఇంటర్‌లో 960 దాటినా బీటెక్‌లో బ్యాక్‌లాగ్‌లు ఎందుకు పడతాయి?

"ఇంటర్‌లో 962 వచ్చాయి, బీటెక్ మొదటి సెమిస్టర్‌లోనే రెండు సబ్జెక్టులు పోయాయి. రోజూ చదువుతున్నాను, హాల్లో కూర్చుంటే ఏదీ రాదు. నాకు తెలివి తక్కువా?" అని అడిగారు. తెలివి సంగతి పక్కన పెట్టండి. నాదీ అచ్చం ఇదే కథ.

మాది గుంటూరు. ఇంటర్ విజయవాడలో హాస్టల్లో ఉండి చదివాను. తెల్లవారకముందే బెల్లు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు, సాంబారు గురించి చెప్పకపోవడమే మేలు. తర్వాత విజయవాడలోనే ఇంజినీరింగ్‌లో చేరి, ఇంటి నుంచి రైల్లో తిరిగేవాణ్ణి. మొదటి సెమిస్టర్‌లో ఎం-1 (మ్యాథమెటిక్స్-1) పరీక్ష రాసి బయటికి రాగానే అమ్మకు ఫోన్ చేసి "యాభై దాటతాయి" అన్నాను. వచ్చింది 70కి 19. పోయినందుకు ఏడుపొచ్చింది సరే, ఆ ముప్పై మార్కుల తేడా చూస్తేనే భయమేసింది. నాకేం వచ్చో ఏం రాదో నాకే తెలియదన్నమాట.

సప్లీకి, అంటే పోయిన సబ్జెక్టు మళ్లీ రాసే పరీక్షకు ముందు ఒక సీనియర్ దగ్గరికి వెళ్లాను. నా జిరాక్స్ నోట్స్ తిరగేశాడు. సగానికి పైగా పసుపు హైలైటరే. దాన్ని బోర్లించి "ఆర్తోగొనల్ ట్రాజెక్టరీస్ లెక్క ఒకటి చెయ్యి" అన్నాడు. డిఫరెన్షియేట్ చేశాను. డీవై బై డీఎక్స్ ఉన్నచోట మైనస్ డీఎక్స్ బై డీవై పెట్టాను. "దానికి ముందు కాన్‌స్టెంట్ పోగొట్టాలిగా, ఏదీ?" అన్నాడు. ఆ లైను నోట్స్‌లో ఉంది, దాని మీదా పసుపు పూశాను. చూసినప్పుడల్లా వచ్చినట్టే ఉండేది.

ఇంటర్‌లో మార్కులు స్టడీ అవర్ల వల్ల వచ్చాయని మనం అనుకుంటాం. నన్నడిగితే, వారం వారం పెట్టిన ఆ టెస్టుల వల్ల. అవి మనం పెట్టుకున్నవి కావు కాబట్టి, బీటెక్‌లో అవి పోగానే ఏం పోయిందో కూడా తెలియలేదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరితో ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివించారు. ఇంకొందరితో ఒక విడత చదివించి, మూడు విడతలు చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్లకు 61. ముందురోజు రాత్రి మనకు "అంతా వచ్చేసింది" అనిపిస్తుందే, అది ఆ ఐదు నిమిషాల ముచ్చటే.

అప్పటి నుంచి సాయంత్రం ప్యాసింజర్ కృష్ణ బ్రిడ్జి ఎక్కగానే రఫ్ బుక్ తీసేవాణ్ణి. మంగళగిరి దాకా నోట్స్ ముట్టుకోకుండా ఆ రోజు క్లాసులో చెప్పింది రాయడం, అక్కడి నుంచి నోట్స్ చూసి ఎర్ర పెన్నుతో దిద్దుకోవడం. మొదటి వారం నాలుగు లైన్లు కూడా వచ్చేవి కావు. ఎదురు సీట్లో పెద్దాయన ఒకరు "కవితలా బాబూ?" అని కూడా అడిగారు.

ఇంకోటి, ప్రతి మిడ్‌కి (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షకు) ముందు ఎన్ని వస్తాయనుకుంటున్నానో పుస్తకం చివరి పేజీలో రాసి, పేపర్లు ఇచ్చాక అసలు మార్కు పక్కన వేసేవాణ్ణి. థియరీలో నా అంచనా దాదాపు సరిపోయేది. లెక్కలున్న సబ్జెక్టుల్లో మాత్రం ప్రతిసారీ ఐదారు మార్కులు ఎక్కువ వేసుకునేవాణ్ణి. రాత్రంతా మేలుకుని చదివే నైట్ అవుట్లు నాకు పనికిరావని కూడా ఆ రఫ్ బుక్కే చెప్పింది, పదకొండు దాటాక రాసినదంతా ఎరుపే.

 

సప్లీకి ఇంకా నెలన్నర ఉందన్నారు కదా. పుస్తకం తెరవకముందే పాత పేపర్ ఒకటి తీసి, ఫోన్ వేరే గదిలో పెట్టి మూడు గంటలు రాయండి. ఏయే ప్రశ్నలు ఖాళీగా మిగిలాయో కామెంట్‌లో పెట్టండి, ఎం-1 అయితే నేను చూస్తాను.