మౌస్ పిల్లల చేతిలోనే ఉండనీ

అమ్మలూ,

ఆశీస్సులు. వేసవి సెలవుల్లో కాశీనగర్ ఇంటి వరండాలో పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నాక సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి టెన్షన్ పట్టుకుంది. మూడు ల్యాప్‌టాప్‌లకి ఇరవై మంది పిల్లలా? ఎవర్నడిగి ఒప్పుకున్నావు? ముందు పన్నెండు మందిని తీసుకో. మిగతా గుంటల్ని రెండో జట్టుగా తర్వాత పిలువు. వచ్చినవాళ్లను కాదనలేవు, చిన్నప్పట్నుంచీ నీది అదే గుణం.

స్క్రాచ్‌తో మొదలుపెట్టు, ఆజ్ఞలు రాసున్న బ్లాకుల్ని మౌస్‌తో ఒకదానికొకటి అతికించి ప్రోగ్రాం చేసేది. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం వాళ్లు 2007 నుంచి దాన్ని ఉచితంగానే ఇస్తున్నారు. ఇంటర్నెట్ లేకపోయినా నడిచేది ఒకటుంది, దాన్ని ముందే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మూడింట్లోనూ ఎక్కించు. మీ ఊళ్లో నెట్‌ని నమ్ముకుంటే మొదటి రోజే పరువు పోతుంది. పాఠం పొద్దున్నే పెట్టు, ఎండ ఎక్కకముందే పిల్లలు ఇళ్లకు చేరాలి.

మొదటి రోజు ల్యాప్‌టాప్ మూత తియ్యకు. వాకిట్లోకి తీసుకెళ్లు. ఒక పిల్లని పిల్లిగా నిలబెట్టు, స్క్రాచ్ తెరిస్తే కనపడేది పిల్లి బొమ్మే కదా. మిగతావాళ్లు ఆజ్ఞలు ఇవ్వాలి: నాలుగు అడుగులు ముందుకు, కుడికి 90 డిగ్రీలు తిరుగు, మళ్లీ అదే. నాలుగుసార్లు చేస్తే చతురస్రం. చెప్పింది తప్ప ఇంకేమీ చేయకూడదని ఆ పిల్లకి గట్టిగా చెప్పు. ఎవరో ఒకరు 'తిరుగు' అని మర్చిపోతారు, పిల్లి పోయి గోడకి తగులుతుంది, అందరూ పడీపడీ నవ్వుతారు. ఆ రోజుకి ఆ పాఠం చాలు. సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్జిగ్ 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష చేశారు. తర్వాత దానికో తాబేలు వచ్చింది, ఆజ్ఞలిస్తే కదిలి గీతలు గీసేది. తాబేలు ఎటు తిరగాలో తెలియకపోతే నువ్వే తాబేలువై నడిచి చూడమనేవాడు పాపర్ట్. లెక్కలు చెప్పి బతికినవాణ్ణి, కోణాలు నేర్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

తర్వాత ముగ్గులు వేయించు. స్క్రాచ్‌లో గీతలు గీయడానికి 'పెన్' అని విడిగా కలుపుకోవాలి, మర్చిపోకు. చతురస్రం, త్రిభుజం వచ్చాక అయిదు మూలల నక్షత్రం అడుగు. తిరిగే కోణం 72 పెడతారు, పంచభుజి వస్తుంది. 36 పెడతారు, ఇంకేదో వస్తుంది. చెప్పెయ్యకు! నక్షత్రం గీసి మళ్లీ బయలుదేరిన చోటికి వచ్చేసరికి పిల్లి రెండు చుట్లు తిరుగుతుంది. అంటే 720 డిగ్రీలు, అయిదు మూలలకి పంచితే 144. ఇది వాళ్లంతట వాళ్లు కనిపెట్టడానికి రెండు రోజులు పట్టినా పట్టనీ.

ఇప్పుడు అసలు సంగతి. దీనికోసమే ఈ ఉత్తరం.

నేను పనిచేసిన బళ్లలో ఒక దాంట్లో ఓ కుర్ర కంప్యూటర్ మాస్టారుండేవాడు. మంచివాడు, కష్టపడేవాడు. ఏడాది చివర ఎగ్జిబిషన్ పెట్టి, పెద్దవాళ్లను పిలుస్తామని యాజమాన్యం చెప్పింది. ఎవరి ప్రాజెక్టూ ఆగకూడదు, అన్నీ మెరవాలి అన్నారు. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక అతను రాత్రిదాకా కూచుని ఒక్కొక్కరిదీ సరిచేసేవాడు. ఏడో తరగతి పిల్ల ఒకతె చేపలు పట్టే ఆట చేసింది. వాళ్ల నాన్న వంశధారలో వల వేసేవాడు. ఆమె చేప వలకి తగిలినా పట్టుబడేది కాదు. కారణం చిన్నదే. 'తగిలితే' అన్న బ్లాకును 'ఎప్పుడూ' అన్న బ్లాకులో పెట్టలేదు, అందుకని ఆట మొదలైన క్షణంలో ఒక్కసారి చూసి ఊరుకునేది. ఇంకో రోజు ఇస్తే పట్టుకునేది ఆ పిల్ల, దగ్గరికి వచ్చేసింది. మాస్టారు రాత్రికి రాత్రి అది సరిచేసి, పైగా నీటి చప్పుడూ స్కోరూ కూడా చేర్చాడు.

ఎగ్జిబిషన్‌లో ఒక పెద్దాయన ముచ్చటపడి, చేప ఇంకా మెల్లగా వెళ్లాలంటే ఏం చెయ్యాలమ్మా అని అడిగాడు. పిల్ల తెర వంక చూసింది. తను పెట్టని బ్లాకులు. మాస్టారి వంక చూసింది. ఆయన ఆమె చేతిలోంచి మౌస్ తీసుకుని, చటుక్కున అంకె మార్చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు ఆ పిల్లకి. తర్వాత కంప్యూటర్ క్లాసున్న రోజు కడుపునొప్పి అని ఇంటికి పోయేది. పిలిచి అడిగితే, "అది నాది కాదు కదా సార్" అంది.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. చెప్పుకోడానికి సర్టిఫికెట్ ఉంది, తన చేప మాత్రం పోయింది. ఆ మాస్టారికి ఆ సంగతి అర్థం కాలేదు. మెల్లగా చెప్పి చూశాను, నాకేం గుర్తింపు రాకపోయినా పిల్లకి వచ్చింది కదండీ అన్నాడు. నువ్వు అతనికంటే తెలివైనదానివి, అందుకే నీ గురించి భయం ఎక్కువ. తప్పు ఎక్కడుందో నీకు ఠక్కున కనపడుతుంది, చెయ్యి ఊరుకోదు. అందుకే పిల్లల వెనకాల నిలబడినప్పుడు చేతులు వెనక్కి కట్టుకో. రెండే ప్రశ్నలు అడుగు: ఏం చెయ్యాలనుకున్నావు? ఇప్పుడు ఏం చేస్తోంది? స్కోరు రెండో ఆటలో సున్నా నుంచి మొదలవకపోతే, మొదట్లో సున్నా పెట్టమని నువ్వు చెప్పకు. మళ్లీ ఆడి చూడమను. చివర్లో అమ్మానాన్నల్ని పిలిస్తే పిలువు, కానీ పని చేయనివి కూడా చూపించనీ.

జతలుగా కూచోబెట్టు. ఒకరు చెయ్యి, ఒకరు నోరు. పది నిమిషాలకోసారి మార్చెయ్. నువ్వు గడియారం చూసి మార్చకపోతే మగపిల్లలు మౌస్ వదలరు, ఆడపిల్లలు అడగరు. ఇది ప్రతి బళ్లోనూ చూశాను.

కొండ మీది సవర పిల్లలు కూడా వస్తారని మీ అమ్మ అంది. ఆ మాటకి నీ మీద ఎంత ప్రేమ పుట్టిందో రాయలేను. గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే సవర నేర్చుకున్నారు, ఆ పిల్లల భాషలో పుస్తకాలు రాశారు, వాళ్లకి బడులు పెట్టించారు. నువ్వు అంత చేయక్కర్లేదు. స్క్రాచ్‌లో గొంతు రికార్డు చేసుకోవచ్చు. వాళ్ల పిల్లి సవరలోనే పలకరించనీ. తెలుగు గుంటలు తమ వేరియబుల్స్‌కి, అదే అంకెలు దాచుకునే డబ్బాలకి, 'మార్కులు', 'చేపలు' అని తెలుగులోనే పేర్లు పెట్టుకోనీ, స్క్రాచ్ ఒప్పుకుంటుంది. మీది ఒడిశా ఊరు కదా, బళ్లో ఒడియా చదివేవాళ్లకి మెనూలే ఒడియాలో పెట్టు.

ఇంకో ఆట చెబుతాను, పెద్దపిల్లలకి. కంప్యూటర్ 1 నుంచి 100 లోపు ఒక అంకె అనుకోవాలి, పిల్లలు ఊహిస్తే ఎక్కువ, తక్కువ అని చెప్పాలి. ఏడు ఛాన్సుల్లో తప్పకుండా గెలవొచ్చని పందెం కాయి. ప్రతిసారీ సగానికి సగం తగ్గించుకుంటూ పోతే చాలని ఎవరికి తడుతుందో చూడు. అది చూసి నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రైనా సరే.

కరెంటు గురించి ఒక మాట. నవ్వకు. మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరిమితే ప్లగ్గులన్నీ పీకెయ్, పాఠం ఆపెయ్, పిల్లల్ని లోపలికి పిలువు. ఛార్జింగ్ పెట్టిన ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేస్తే చిమచిమలాడితే ఎర్తింగ్ సరిగా లేదని అనుమానించాలి. ఆ ఇల్లు మీ తాతగారి కాలం నాటిది, వైర్లూ అప్పటివే. తడికాళ్లతో వచ్చే పిల్లల్ని తలుచుకుంటేనే నాకు గుండె దడ. పిల్లలు రాకముందే ఛార్జింగ్ పూర్తి చేసుకుని, పాఠం బ్యాటరీ మీదే నడుపు.

ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడాను. బుధవారం పొద్దున వస్తానన్నాడు, ఇంట్లో ఉండు. డబ్బులు నేనిచ్చాను, నువ్వు మళ్లీ ఇవ్వకు.

మీ మావయ్య