‘గిరా’ను విప్పబోతే ‘గిరాకీ’ చెడుతోంది

ప్రశ్న: 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి మా పర్లాకిమిడి అందులో చేరిన నాటి సంగతులను, పెద్దల నోట విన్నవి విన్నట్టుగా, సాదా టెక్స్ట్ ఫైళ్లలో ఎక్కిస్తున్నాను. పదే పదే వచ్చే పేర్లకు పొట్టి మాటలు పెట్టుకున్నాను: గిడుగు రామమూర్తికి ‘గిరా’, గ్రంథాలయానికి ‘గ్రం’. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టుతో వాటిని విప్పిస్తే ‘గిరాకీ’ అన్న మాట ‘గిడుగు రామమూర్తికీ’ అయింది. పదం సరిహద్దును సూచించే ‘బ్యాక్‌స్లాష్ బి’ చేర్చాక ఆ తప్పు పోలేదు సరికదా, విడిగా ఉన్న ‘గిరా’ కూడా విప్పుకోవడం మానేసింది. దోషం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: దోషం మీది కాదు. పైథాన్‌తో వచ్చే ‘ఆర్ఈ’ మాడ్యూలు (టెక్స్టులో నమూనాలను వెతికే భాగం) అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోరును మాత్రమే పదంలో భాగంగా లెక్కిస్తుంది. మన గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను విరామ చిహ్నాలతో సమానంగా చూస్తుంది. ‘గిరా’ చివరి దీర్ఘం దాని లెక్కలో పదానికి వెలుపలిది. అందువల్ల ఆ దీర్ఘం పక్కన ‘కీ’ వస్తే సరిహద్దు దొరికిందనుకుంటుంది; ఖాళీ వస్తే రెండు వైపులా పదం కానిదే కనుక సరిహద్దే లేదంటుంది. తెలుగులో ఈ పనికి పూనుకున్న ప్రతివారికీ తగిలే రాయి ఇది; నేర్పే పాఠాలలో దీన్ని ముందే చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

సరిహద్దును వెతికించడం మానేసి, పొట్టి మాటకు ముందు మీరే ఒక గుర్తు పెట్టండి. వాక్యంలో సెమీకోలన్ తరువాత మామూలుగా ఖాళీ వదులుతాం కనుక, ఖాళీ లేకుండా ‘;గిరా’ అని రాస్తే తికమక ఉండదు. సెమీకోలన్ తరువాత, లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం తెలుగుకు కేటాయించిన 128 స్థానాలలోని గుర్తులు ఎంతవరకు వరుసగా వస్తే అంతవరకు తీసుకుని, పొట్టి మాటలనూ వాటి పూర్తి రూపాలనూ రాసుకున్న పట్టిక ఫైలులో వెతకమని స్క్రిప్టుకు చెప్పండి.

ఇక విభక్తుల సంగతి కొంత శ్రద్ధగా చూడాలి. ‘;గిరా+కి’ అని కూడిక గుర్తుతో రాస్తే, స్క్రిప్టు పేరును విప్పి ప్రత్యయాన్ని అంటిస్తుంది. అయితే ‘;గ్రం+కి’ అన్నప్పుడు ‘గ్రంథాలయంకి’ అని రాకూడదు కదా. విప్పిన మాట సున్నతో ముగిసి, ప్రత్యయం ‘కి’ అయితే సున్న తీసి ‘ానికి’, ‘ని’ అయితే ‘ాన్ని’ చేర్చే రెండు నియమాలు రాసుకోండి. ‘లో’, ‘తో’ ఉన్నవి ఉన్నట్టే అతుకుతాయి.

పట్టికలో మొదటి మాట ఒక్కటే విప్పుకోకపోతే, ఆ ఫైలు ఆరంభంలో కంటికి కనబడని బీఓఎం (ఫైలు ఎన్‌కోడింగును తెలిపే) గుర్తు చేరి ఉండవచ్చు. ‘యూటీఎఫ్-8-సిగ్’ పద్ధతిలో తెరవండి. ఫలితాన్ని ఎప్పుడూ కొత్త ఫైలులోకే రాయించండి, ఎందుకంటే పెద్దల మాటలకు మీ మొదటి ప్రతే ఆధారం. పట్టికలో లేని పొట్టి మాటను స్క్రిప్టు సెమీకోలన్‌తో సహా అలాగే వదిలేయాలి; అప్పుడు మిగిలిపోయినవాటిని ఆ గుర్తుతోనే వెతికి సరిచేసుకోవచ్చు.