అమ్మణ్ణీ, బడి తెరిచే రోజుకి

అమ్మణ్ణీ,

బడి తెరిచే రోజు తలుచుకుంటేనే నీకు టెన్షన్‌గా ఉందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఉండటం సహజమే. మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టుల్లో ఒకటి తెచ్చుకుని నువ్వు బడికి వెళ్ళింది అక్టోబరులో. అప్పటికి పిల్లకాయలు కుదురుకున్నారు. గంట కొడితే లేవడం, వరసలో నిలబడటం వాళ్ళకి వచ్చేసింది. జూన్ 12న వచ్చేవాళ్ళు అలా ఉండరు. అమ్మ కొంగు పట్టుకుని వస్తారు, వాళ్ళకి బడీ కొత్తే, నువ్వూ కొత్తే. నేను 1986లో ఉద్యోగంలో చేరి 2021లో రిటైరయ్యాను. ఆ 35 ఏళ్ళలో ఎక్కువ భాగం విడవలూరు, అల్లూరు వైపు ఊళ్ళలో ఒకటీ రెండు తరగతులే చెప్పాను. అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ చూశాను. ప్రార్థన, పరిచయం, తరగతి నియమాలు, అ నుంచి అః దాకా, ఒకటి నుంచి పది అంకెలు, రైమ్స్. గళ్ళు గీసి, పక్కన నిమిషాలు వేసి ముచ్చటగా రాశావు. కానీ ఆ గళ్ళలో ఎక్కడా పిల్లలు ఒంటేలుకి వెళ్ళే సమయం లేదు. వాళ్ళ అమ్మ వెళ్ళిపోయే నిమిషం లేదు. అన్నం దగ్గర వాళ్ళ పక్కన ఎవరు కూర్చుంటారో లేదు.

ఐదేళ్ళ బిడ్డ మనసులో ఆ రోజు తిరిగేవి నాలుగే మాటలు. అమ్మ ఎప్పుడొస్తుంది, ఒంటేలు వస్తే యాడికి పోవాలి, ఆకలేస్తే ఎవరు పెడతారు, ఈ టీచర్ కొడుతుందా. ఈ నాలుగింటికి జవాబు దొరికేదాకా నువ్వు చెప్పే అక్షరం చెవిలోకి పోదు. ముందు వీటికి సమయం పెట్టు, మిగిలిన సమయంలో నీ రైమ్స్ పెట్టుకో.

నేను ఇది ఎలా నేర్చుకున్నానో చెబుతాను. చేరిన మూడో ఏడో నాలుగో ఏడో. పొద్దున్నే చేతులు కట్టుకోవాలి, ఒంటేలు వస్తే చిటికెన వేలు చూపించాలి, అడక్కుండా లేవకూడదు అని అన్నీ చెప్పాను. అందరూ 'అట్నే టీచర్' అన్నారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక పాప లేచి నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోదు. ఏడవదు. పలకని వెనక్కి పెట్టుకుని రెండు చేతులతో గౌనుకి అదిమి పట్టుకుంది. దగ్గరికి వెళితే తెలిసింది, గౌను వెనకంతా తడి. వేలు చూపించాలని నేను చెప్పాను గానీ దొడ్డి యాడుందో చూపించలేదు. ఆ పిల్ల పది రోజులు బడికి రాలేదు. నేనే వాళ్ళింటికి మూడుసార్లు వెళ్ళి తెచ్చుకున్నాను. ఆ పలకని అదిమి పట్టుకున్న చేతులు ఇప్పటికీ నా కళ్ళముందు ఉన్నాయి.

కాబట్టి ప్రార్థన కాగానే నీ మొదటి పాఠం బాత్రూమే. అందరినీ గుంపుగా తీసుకెళ్ళు. తలుపు తెరిచి చూపించు. గొళ్ళెం వాళ్ళకి అందుతుందో లేదో ముందురోజే నువ్వు వంగి, వాళ్ళ ఎత్తులో నిలబడి చూసుకో. చాలామంది పిల్లకాయలు తలుపు మూసిన గదిలో ఎప్పుడూ కూర్చోలేదు, లోపల చీకటిగా ఉంటే దడుచుకుంటారు. తలుపు ఓరగా వేసుకోనీ, బయట రెండో తరగతి ఆడపిల్లని ఒకరిని కాపలా నిలబెట్టు. మగ్గు ఎక్కడుంటుంది, కుళాయి ఎటు తిప్పాలి, ఒక్కొక్కరి చేత తిప్పించు. ఆ తర్వాత నీళ్ళు తాగే చోటు. గంటకోసారి నువ్వే 'పదండి' అని తీసుకెళ్ళు, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు. ఎవరికైనా తడిస్తే మార్చడానికి బీరువాలో రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు ఉంచుకో. మార్చేటప్పుడు ఒక్క మాట కూడా అనకు. పక్కవాళ్ళు నవ్వితే వాళ్ళని వేరే పనికి పంపించెయ్.

ఇక పేర్లు. ఇది చిన్న సంగతి అనుకుంటావు, కాదు. రిజిస్టర్‌లో ఉండేది ఆధార్ పేరు. ఇంట్లో ఆ పేరుతో ఎవరూ పిలవరు. చిన్నోడా, బుజ్జమ్మా, చిట్టీ, లేకపోతే తాత పేరు, అమ్మోరి పేరు. ఒక ఏడాది హాజరు పిలుస్తూ ఒక పేరు మూడుసార్లు చదివాను. పలకలేదు. గైరుహాజరు వేశాను. సాయంత్రం వాళ్ళ అమ్మ గంప నెత్తిన పెట్టుకునే వచ్చింది, 'మావోడిని లెక్కలోకి తీసుకోలేదంట టీచరమ్మా, వాడు పొద్దున్నించీ ఈడనే ఉండాడు' అంది. వాడు నా ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. తనకి అంత పెద్ద పేరుందని వాడికే తెలియదు. ఇల్లు చేరి వాళ్ళమ్మ ఒళ్ళో పడి ఏడ్చాడట, అందరినీ పిలిచి నన్ను పిలవలేదని.

అందుకని బడి తెరిచే ముందు వారం సాయంత్రాలు ఊళ్ళో తిరుగు. ఎండ తగ్గాక వెళ్ళు, ఐదున్నరకి అందరూ వాకిట్లోనే ఉంటారు. నోట్‌బుక్‌లో రెండు వరసలు గీసుకో, ఒకవైపు రిజిస్టర్ పేరు, ఇంకోవైపు ఇంట్లో పిలిచే పేరు. ముందు అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి వెళ్ళు. ఆ పిల్లల గురించి ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఎవరికి చెవి సరిగ్గా వినబడదు, ఎవరికి ఫిట్స్ వస్తాయి, ఎవరు అన్నం తినరు, ఎవరింట్లో తండ్రి తాగి వస్తాడు, ఎవరు ఎవరి పక్కనుంటే ఏడవరు, అన్నీ చెబుతుంది. ఒక అరగంట ఆమె ముందు కూర్చుని రాసుకో. ఏ ట్రైనింగ్‌లోనూ దొరకని సమాచారం అది.

మొదటి రోజు ఇంట్లో పిలిచే పేరుతోనే పిలువు. రెండూ కలిపి వారం రోజులు పిలిస్తే బడి పేరు దానంతటదే అలవాటవుతుంది. పిల్లలు ఒకరి పేరు ఒకరు నేర్చుకోవడానికి వీరీ వీరీ గుమ్మడిపండు ఆటకి మించింది లేదు. కళ్ళు మూసి పేరు చెప్పించే ఆట గదా, రెండో తరగతి వాళ్ళకి వచ్చే ఉంటుంది. వేపచెట్టు నీడలో ఆడించు. పక్కన ఉండి ఆడుతుంటే నీకూ పేర్లు వచ్చేస్తాయి.

రెండో తరగతి అన్నాను గదా, ఒకటీ రెండూ కలిపి నీకే ఇచ్చారని బాధపడుతున్నావట. మొదటి రోజుకి అది వరం. ఒక్కో కొత్త పిల్లకి ఒక్కో రెండో తరగతి పిల్లని అప్పగించు. 'ఈ చెల్లి నీ బాధ్యత, నీళ్ళకి, అన్నానికి, చెప్పుల దగ్గరికి నువ్వే తీసుకెళ్ళాలి' అని చెప్పు. పోయినేడు ఏడ్చిన పిల్లలే ఈ ఏడు ఎంత పెద్దరికం చూపిస్తారో నువ్వే చూస్తావు.

ఏడుపు సంగతి. ఒకరు మొదలుపెడితే పదిమంది అందుకుంటారు, అది తప్పదు. ఒక్కటే గట్టిగా చెబుతాను, పిల్ల చూడకుండా తల్లిని జారిపోనివ్వకు. 'అమ్మ ఈడనే ఉంది' అని అబద్ధం చెప్పకు. అలా ఒక్కసారి మోసపోయిన పిల్ల మళ్ళీ నెలదాకా నమ్మదు. తల్లిని పావుగంట వెనక కూర్చోనీ. తర్వాత పిల్ల ఎదుటే తల్లి చేత చెప్పించు, 'అన్నం తిన్నాక వస్తా' అని. ఆ మాట ప్రకారం ఆ తల్లి రావాలి, రాలేనంటే రాగలిగిన వేళే చెప్పమను. మన వైపు తల్లులు చాలామంది రొయ్యల గుంటల మీదికో, నాట్లకో, చేపల గంపతోనో తెల్లారకముందే వెళ్ళిపోతారు. వాళ్ళ పిల్లల్ని నాయనమ్మో అక్కో తెచ్చి వదిలిపెడుతుంది. ఆ పిల్లలు ఏడవరు, మూలన కూర్చుంటారు. ఏడ్చేవాళ్ళ హడావిడిలో వాళ్ళని మరిచిపోవద్దు.

ఏడ్చే పిల్లకి చాక్లెట్ ఇవ్వడం నాకు నచ్చదు. అందరూ చూసి దానికోసమే ఏడుస్తారు. చేతికి పని ఇవ్వు. సుద్దముక్కల డబ్బా పట్టుకోమను, చెట్టుకి చెంబుతో నీళ్ళు పోయించు, పలకలు ఎన్ని ఉన్నాయో నీతో పాటు లెక్కపెట్టమను. చేతిలో పని పడగానే వెక్కిళ్ళు వాటంతటవే తగ్గుతాయి.

ఎండ గురించి చెప్పనక్కర్లేదు, నువ్వు నెల్లూరు పిల్లవే. గోదావరి వైపు టీచర్లు జూన్‌లో తొలకరి అంటారు, మనకి వానలు ఆశ్వయుజ కార్తీకాల్లో గదా. మృగశిర వచ్చినా పడమటి గాలి వీస్తూనే ఉంటుంది. పదకొండు దాటాక పిల్లల్ని బయట తిప్పకు. ఆటలన్నీ పొద్దున్నే పెట్టుకో. నీళ్ళ బెల్లు కొట్టినప్పుడు కొత్తవాళ్ళు తాగారో లేదో నీ కళ్ళతో చూడు, బాటిల్ మూత తీయడం రాక ఊరికే కూర్చునేవాళ్ళు ఉంటారు.

అలాగే అన్నం దగ్గర. సన్నబియ్యం వచ్చాక పిల్లలు బాగానే తింటున్నారని వంటామె చెబుతోంది. గుడ్డు పెట్టే రోజైతే జాగ్రత్త. పెంకుతో ఉన్న గుడ్డు చేతికిస్తే చిన్నపిల్లకి దాన్ని ఏం చేయాలో తెలియదు. పళ్ళెంలో దొర్లి కింద పడుతుంది, ఇంకో పిల్లవాడు తీసుకుంటాడు. నువ్వు కింద వాళ్ళ మధ్య కూర్చుని మొదటి గుడ్డుకి పెంకు తీసి చూపించు, తర్వాత వాళ్ళ చేత తీయించు. నువ్వూ అదే అన్నం అదే పళ్ళెంలో తిను. ఆ ఒక్క పూటతో నువ్వు కొట్టే టీచరువి కాదని వాళ్ళకి అర్థమవుతుంది.

అక్షరాలు మొదటి రోజు వద్దు. తల్లిదండ్రులు అడుగుతారు, 'ఏం నేర్పారు' అని. బడిలో బియ్యం పళ్ళెం పెట్టి అక్షరాభ్యాసం చేయిస్తే చేయించు, పది నిమిషాల పని, పెద్దవాళ్ళకి తృప్తి. మిగతా సమయంలో పలకా బలపం ఇచ్చి ఏమైనా గీయమను. మార్కాపురం రాతిపలక దొరికితే అదే మంచిది, బలపం గీత చక్కగా పడుతుంది. వంకరటింకర గీతలే గీస్తారు. ఏందిది అని అడుగు, పడవ అంటారు, మా నాయన అంటారు. ఆ పక్కనే మూలన నీ చేత్తో వాళ్ళ పేరు రాయి. చెరపకుండా ఇంటికి పంపించు. వాళ్ళింట్లో ఆ పలకని ఎంతమందికి చూపిస్తారో.

వాళ్ళ మాట దిద్దకు. ఉండాది, యాడ, ఏందది అంటారు, అననీ. నువ్వు ఇంగ్లీషు మీడియంలో చదివావు, నీకు దిద్దాలనిపిస్తుంది. మాట్లాడిన మొదటి వాక్యానికే తప్పు పడితే రెండో వాక్యం రాదు. పుస్తకాల భాష దానికదే వస్తుంది, ఏడాదంతా ఉంది.

యాప్‌లో ఫోటోలు, హాజరు, కిట్ల లెక్కలు ఆ రోజే అడుగుతారు. పొద్దున మొదటి గంట ఫోన్ పట్టుకోకుండా ఉండేటట్టు హెడ్మాస్టరుగారితో ముందే మాట్లాడుకో. కిట్ బ్యాగులు ఒకేసారి పంచకు, ఆ గందరగోళంలో షూల సైజులతోనే పూట గడిచిపోతుంది.

రాని పిల్లలు కూడా ఉంటారు. గిరిజన కాలనీలో యానాదుల ఇళ్ళలో కొందరు రొయ్యల గుంటల కాపలాకి కుటుంబంతో సహా వెళ్ళిపోతారు. వాళ్ళకి ఆధార్ ఉండదు, పుట్టిన తేదీ కాగితం ఉండదు, అది లేకపోతే బడిలో చేర్చుకోరని తల్లిదండ్రులే అనుకుంటారు. వయసు కాగితం లేదని ఏ బిడ్డనీ వెనక్కి పంపకూడదని 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. గుర్తుపెట్టుకుని ఆ మాట వాళ్ళకి నువ్వే చెప్పు. తరగతిలో వాళ్ళకి చోటు ఉంచు, పేరు రాసిన పలక పెట్టు. సాయంత్రం ఆ పలక పట్టుకునే కాలనీకి వెళ్ళు. తన పేరున్న పలక చూసి మరునాడు వచ్చిన పిల్లలు నాకు చాలామంది తెలుసు.

బడి వదిలేటప్పుడు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ ఇంట్లో పిలిచే పేరుతో పిలిచి పంపించు. ఎవరితో వెళుతున్నారో చూసుకో, ముఖం తెలియని మనిషికి అప్పగించకు. రేపు ఏం చేయబోతున్నామో ఒక్క మాట చెప్పు, 'రేపు గవ్వలు తెస్తాను' అన్నట్టు. అన్నావంటే తేవాలి.

చీర గురించి అడిగావు. నూలుది కట్టుకో, పాతది. పిల్లకాయలు ముక్కూ మొహం దానికే తుడుస్తారు.

మన వీధిలో దర్జీ చేత రెండు గౌన్లు, రెండు నిక్కర్లు కుట్టించి ఉంచాను, ఐదేళ్ళ పిల్లలకి సరిపోయేవి. ఆదివారం కావలికి వచ్చినప్పుడు తీసుకెళ్ళి బీరువాలో పెట్టుకో.

మీ పెద్దమ్మ