వైద్య పరీక్షల కచ్చితత్వం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి జ్వరం వచ్చిన మూడో రోజున విడాల్ పరీక్ష చేయిస్తే ‘ఓ’ 1:160 అనీ, టైఫాయిడ్ పాజిటివ్ అనీ రిపోర్టు ఇచ్చారు. మరో డాక్టరుగారు ఆ ఒక్క రిపోర్టును పట్టుకుని టైఫాయిడ్ అనలేమన్నారు. ల్యాబులో అడిగితే తమ కిట్టు 90 శాతం కచ్చితమైనదని చెప్పారు. అంటే బాబుకు టైఫాయిడ్ ఉండే అవకాశం 90 శాతమనే కదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదండీ. ల్యాబువారు చెప్పిన 90 శాతం కిట్టుకు సంబంధించిన అంకె. మీరు అడుగుతున్నది మీ అబ్బాయి సంగతి. మొదటి దాని నుంచి రెండో దానికి చేరాలంటే మధ్యలో ఇంకో లెక్క కట్టాలి.

పరీక్ష పనితనాన్ని ముఖ్యంగా రెండు అంకెలతో కొలుస్తారు. జబ్బు నిజంగా ఉన్నవారిలో ఎంతమందిని పట్టుకుంటుందో చెప్పేది సెన్సిటివిటీ; జబ్బు లేనివారిలో ఎంతమందికి సరిగ్గా నెగటివ్ చూపిస్తుందో చెప్పేది స్పెసిఫిసిటీ. రెండూ 90 శాతమే అనుకుందాం. జ్వరంతో వచ్చిన 1000 మందిలో టైఫాయిడ్ ఉన్నవారు 50 మంది అనుకుంటే, వారిలో 45 మందికి పాజిటివ్ వస్తుంది. మిగిలిన 950 మందిలో పదో వంతు, అంటే 95 మందికి, జబ్బు లేకపోయినా పాజిటివే వస్తుంది. మొత్తం 140 పాజిటివ్‌లలో నిజమైనవి 45, అంటే 32 శాతం. అదే టైఫాయిడ్ ప్రబలిన చోట 1000 మందిలో 300 మందికి జబ్బు ఉంటే, అదే కిట్టుతో పాజిటివ్ వచ్చినవారిలో 79 శాతం మందికి జబ్బు ఉన్నట్టే లెక్క తేలుతుంది. కిట్టు మారలేదు, పరీక్ష చేయించుకున్న జనం మారారు. అందుకే మంచి వైద్యుడు రిపోర్టు చూడకముందే ఎన్నాళ్ల జ్వరం, చుట్టుపక్కల ఎవరికైనా ఉందా అని అడుగుతాడు.

‘కచ్చితత్వం’ అనే ఒంటి అంకె మీద నాకు మొదటి నుంచీ గురి లేదు. పై 1000 మందిలో అసలు పరీక్షే చేయకుండా అందరికీ ‘టైఫాయిడ్ లేదు’ అని రాసిచ్చినా 950 మంది విషయంలో ఒప్పే అవుతుంది. అంటే ఒక్క రోగినీ పట్టుకోకుండానే 95 శాతం కచ్చితత్వం!

అసలు ఆ 90 ఎవరి మీద కట్టిన లెక్కో కూడా అడగాలి. నిర్ధారణ అయిన టైఫాయిడ్ రోగులను ఒకవైపు, ఏ జ్వరమూ లేని రక్తదాతలను మరోవైపు పెట్టి కిట్టును పరీక్షిస్తే అంకెలు ఘనంగా వస్తాయి. కానీ ల్యాబుకు వచ్చేది మలేరియానో డెంగీనో మరో జ్వరమో ఉన్నవారు. విడాల్ చూసేది క్రిమిని కాదు, దాని మీద శరీరం తయారుచేసిన యాంటీబాడీలను. పాత ఇన్‌ఫెక్షన్ వల్లనో, టైఫాయిడ్ క్రిమికి దగ్గరి బంధువులైన ఇతర సాల్మొనెల్లా జాతుల వల్లనో కూడా అవి కనిపించవచ్చు. పైగా కొత్త ఇన్‌ఫెక్షన్‌లో అవి పెరగడానికి సాధారణంగా వారం పడుతుంది కనుక, మూడో రోజు నెగటివ్ వచ్చి ఉన్నా టైఫాయిడ్ లేదనడానికి వీలుండేది కాదు. మీ రిపోర్టులోని ‘ఓ’ అంటే క్రిమి పైపొరలోని ఒక భాగం మీద తయారయ్యే యాంటీబాడీ; 1:160 అంటే రక్తం నుంచి తీసిన సీరమ్‌ను 160 రెట్లు పలచన చేసినా అది కనిపించిందని. 1:80ని హద్దుగా పెట్టుకుంటే రోగులు ఎక్కువగా దొరుకుతారు, తప్పుడు పాజిటివ్‌లూ పెరుగుతాయి. 1:160కి జరిపితే రెండూ తగ్గుతాయి. హద్దును ఇలా జరుపుతూ పోతే వచ్చే ఫలితాలన్నిటినీ ఒకే గీతగా గీసి చూపేదే ఆర్‌ఓసీ రేఖ.

మరి ‘నిజంగా టైఫాయిడ్ ఉందా’ అన్నది తేల్చేదెలా? సాధారణంగా బ్లడ్ కల్చర్‌ను, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షను, ప్రమాణంగా పెట్టుకుంటారు. అయితే అది కూడా వంద మంది రోగులలో సుమారు 40 మందిని జారవిడుస్తుంది. కొలబద్దలోనే లోపం ఉన్నప్పుడు, ఏ ఒక్క పరీక్షనూ నిజమని ముందే ఒప్పుకోకుండా, పలు పరీక్షల ఫలితాలు ఎక్కడ కలుస్తున్నాయో ఎక్కడ విడిపోతున్నాయో చూసి ఒక్కొక్కదాని పనితనాన్ని అంచనా కట్టే లేటెంట్ క్లాస్ పద్ధతిని గణాంకవేత్తలు వాడతారు.

మీ అబ్బాయికి మందులు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే వాటిని సొంతంగా ఆపకండి. యాంటీబయాటిక్ పడ్డాక కల్చర్‌లో క్రిమి దొరికే అవకాశం తగ్గుతుంది కనుక, ఆ సంగతి రెండో డాక్టరుగారికి తప్పక చెప్పండి.

ప్రశ్న: కిట్టు కాగితం మీద ‘20 మంది రోగులలో 19 మందిని గుర్తించింది, సెన్సిటివిటీ 95 శాతం’ అని ఉంది. నమ్మవచ్చా?
– ల్యాబ్ టెక్నీషియన్, తెనాలి

జవాబు: లెక్క తప్పు కాదు, కానీ రోగులు చాలలేదు. 20 మందిలో 19 అన్నప్పుడు అసలు సెన్సిటివిటీ సుమారు 75 నుంచి దాదాపు 100 శాతం దాకా ఎక్కడైనా ఉండవచ్చు. 200 మందిలో 190 అయి ఉంటే ఆ వ్యవధి సుమారు 91 నుంచి 98కి కుదించుకుపోయేది. ఈ వ్యవధిని ప్రకటించని కిట్టును నేనైతే కొనను.

ప్రశ్న: ఇలాంటి లెక్కలు చూసి ఏ పరీక్షనైనా నిజంగా ఆపించారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆపించారు. క్షయకు రక్తంలో యాంటీబాడీలు చూసే కిట్లు మన దేశంలో ప్రైవేటు ల్యాబులలో విరివిగా నడిచేవి. వాటిపై జరిగిన అధ్యయనాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకచోట చేర్చి చూస్తే సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ ఒక్కో అధ్యయనంలో ఒక్కో తీరుగా ఉన్నాయి. తప్పుడు పాజిటివ్‌లూ తప్పుడు నెగటివ్‌లూ ఎక్కువని తేలడంతో, ఊపిరితిత్తుల క్షయకైనా ఇతర అవయవాల క్షయకైనా వాటిని వాడవద్దని 2011లో సిఫారసు చేసింది. 2012లో భారత ప్రభుత్వం వాటి తయారీ, దిగుమతి, అమ్మకం, వాడకాలను నిషేధించింది.