పాత పర్షియన్ బొమ్మలు చూసి అప్పటి కట్టుబడి పని తెలుసుకోవచ్చా?

పదిహేనో శతాబ్దపు పర్షియన్ రాతప్రతుల్లో బొమ్మలున్నాయి కదా, అప్పట్లో భవనాలు ఎలా కట్టారో చెప్పడానికి అవి సాక్ష్యంగా పనికొస్తాయా, లేక అంతా చిత్రకారుడి ఊహేనా అని అడిగారు. పనికొస్తాయి, నాకు అనుమానం లేదు. కాకపోతే బొమ్మని ఏం అడుగుతున్నామో చూసుకోవాలి. పనిముట్లు, పనివాళ్ల చేతులు, ఎవరు ఎవరికి ఏం అందిస్తున్నారు, ఇవి చాలావరకు నమ్మొచ్చు. భవనం ఎంత పెద్దది, ప్లాను ఏంటి అని అడిగితే మాత్రం తప్పుదారి పడతాం.

మా నాన్న నలభై ఏళ్లు తాపీ పని చేశారు. సెలవుల్లో నేనూ ఆయన దగ్గర తట్ట మోశాను. తర్వాత చరిత్ర చదువుకునేటప్పుడు, ఖవర్నక్ కోట కడుతున్న బొమ్మ ఒకటి పెద్ద ప్రింటు తీయించి ఇంటికి తెచ్చాను. పర్షియన్ కవి నిజామీ రాసిన ఐదు కావ్యాల సంపుటి ఖమ్సా ప్రతిలోది, 1494-95 ప్రాంతంలో హెరాత్‌లో (ఇప్పటి అఫ్గానిస్తాన్‌లో ఉంది) వేసింది, బిహ్‌జాద్ అనే చిత్రకారుడు వేశాడని చెబుతారు, ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. నాన్నకి ఆ కథా తెలీదు, చిత్రకారుడి పేరూ తెలీదు. కళ్లద్దాలు పెట్టుకుని ముందు కింది భాగమే చూశారు. "ఇటు చూడరా, వీడు ఇటుక చెక్కుతున్నాడు, వీడి చేతిలో ఉన్నది మన వడ్రంగి బాడిసె లాంటిదే, అసలు పనోడు వీడే" అన్నారు. పారతో మాలు కలిపేవాళ్లని, ఇద్దరు ముందొకరు వెనకొకరు పట్టుకుని మోసుకొచ్చే కర్రల చట్రాన్ని, నిచ్చెన ఎక్కేవాణ్ని, సారవ మీద నిలబడి కిందివాడి కోసం చెయ్యి చాచినవాణ్ని వరసగా వేలితో చూపించుకుంటూ పోయారు. నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది ఆయన ఐదు నిమిషాల్లో చెప్పేశారు.

నా నమ్మకానికి అసలు కారణం ఇక్కడే ఉంది. కథ ప్రకారం ఖవర్నక్ ఇరాక్‌లో హీరా ఊరి దగ్గరిది, ఇస్లాం రాకముందు కాలంది. రాజు నుమాన్ కోసం సిమ్నార్ అనే శిల్పి కడతాడు, పని అయ్యాక ఆ రాజే అతన్ని కోట మీద నుంచి తోయించి చంపుతాడు. కథకి కావలసింది కోట, శిల్పి, ఆ చావు, అంతే. ఇటుక ఎలా చెక్కాలి, మాలు ఎవరు కలపాలి అన్నది కథకి అక్కర్లేదు. అయినా చిత్రకారుడు వేశాడంటే తన ఊళ్లో రోజూ చూసిందే వేశాడు. అందుకే కోట ముఖం కూడా, అప్పుడు హెరాత్ ఏలుతున్న తైమూరు వంశం వాళ్ల కాలపు ఇటుక కట్టడంలాగే ఉంటుంది. అంటే ఈ బొమ్మ పాత ఇరాక్ గురించి మనకేమీ చెప్పదు, 1490ల హెరాత్ గురించి చెబుతుంది. చాలామంది పొరపాటు పడేది సరిగ్గా ఇక్కడే.

దీనికి జతగా, తైమూర్ రాజధాని సమర్‌ఖండ్‌లో (ఇప్పటి ఉజ్బెకిస్తాన్) పెద్ద మసీదు కడుతున్న బొమ్మ చూడండి. తైమూర్ చరిత్ర జఫర్‌నామా ప్రతిలోది, బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం దగ్గర ఉంది. అందులో రాళ్లు లాగడానికి ఏనుగులుంటాయి. తైమూర్ 1398లో ఢిల్లీ మీద పడి, తిరిగి వెళ్లాక 1399లో ఈ మసీదు మొదలుపెట్టించాడు, రాయి మోయడానికి 95 ఏనుగులు వాడారని ఆ చరిత్రలోనే రాసుంది. ప్రతి రాసింది 1467-68లో, బొమ్మలు ఆ తర్వాత చేర్చినవి. కాబట్టి ఏనుగులు కంటితో చూసి వేసినవి కావు, పక్కనున్న రాత చదివి వేసినవి. పనివాళ్ల మీద కర్ర ఎత్తిన అజమాయిషీదారు మాత్రం, నాకైతే, చిత్రకారుడు చూసిన మనిషిలాగే కనిపిస్తాడు. ఒకే బొమ్మలో చదివి వేసింది, చూసి వేసింది కలిసిపోయి ఉంటాయి, విడదీసుకోవడం మన పని.

ఇంకో జాగ్రత్త. అప్పటి చిత్రశాలల్లో మంచి భంగిమ ఒకటి కుదిరితే దాన్ని అచ్చు తీసి మళ్లీ మళ్లీ వాడేవారు. కాబట్టి మట్టి మోసే మనిషి నాలుగు ప్రతుల్లో కనిపించాడని నాలుగు సాక్ష్యాలని లెక్కేయకండి, ఒకటే కావచ్చు. పైగా రోజుల తరబడి జరిగే పనులన్నీ ఒకే పేజీలో పెట్టేస్తారు. మా నాన్న "మాలు కలిపేవాడు, మోసేవాడు, పేర్చేవాడు ఇంత దగ్గరగా ఉన్నారంటే ఆ మాలు తొందరగా బిగుసుకుపోయేదే" అన్నారు. ఇరాన్‌లో జిప్సం మాలు నిజంగానే నిమిషాల్లో బిగుస్తుంది, దాన్ని గచ్ అంటారు, మన గచ్చు అనే మాట కూడా అక్కడిదే. వినగానే నాకు ఒళ్లు పులకరించింది. కానీ పేజీలో చోటు తక్కువ కాబట్టి కూడా మనుషులు దగ్గరగా ఉండొచ్చు, ఆ బూడిదరంగు ముద్ద గచ్చో మట్టో బొమ్మ చెప్పదు. అందుకే ఆ మాట నా నోట్సులో రాసుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

బొమ్మ ఆగిపోయిన చోట వేరే ఆధారాలు పట్టుకోవాలి. గుమ్మటం వంపు, తేనెపట్టులాంటి ముఖర్నస్ పని లెక్క కావాలంటే అల్ కాషీ అనే గణితవేత్త 1427లో సమర్‌ఖండ్‌లో పూర్తిచేసిన గణిత గ్రంథంలో భవనాల కొలతల మీద ఒక భాగం ఉంది. గీతల పద్ధతి కావాలంటే ఇస్తాంబుల్‌లో తోప్‌కాపీ కోటలో దాచిన పాత కాగితపు చుట్టలో జ్యామితి నమూనాలున్నాయి. ఇటుకలైతే నిలిచి ఉన్న కట్టడాల్లోనే కొలుచుకోవచ్చు. పునాది ఎలా తవ్వారో మాత్రం ఖవర్నక్ బొమ్మలో వెతక్కండి, అక్కడ గోడలు అప్పటికే లేచి ఉన్నాయి.

మీరు మొదలుపెట్టేటప్పుడు ఆ బొమ్మని బాగా పెద్దది చేసి కింది అంచు నుంచి పైకి చూడండి, వీలైతే పక్కన ఒక మేస్త్రిని కూర్చోబెట్టుకుని.